పిల్లి తన బొచ్చు తానే పీక్కుంటే

మొన్న బూర్గంపాడు నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. కుశల ప్రశ్నలు, పచ్చళ్ళ కబుర్లు, పెళ్ళి సంబంధాల సంగతులు అన్నీ అయ్యాక అసలు విషయం చివర్లో చెప్పింది. వాళ్ళ పిల్లికి పొట్ట మీద, వెనక కాళ్ళ లోపలి వైపు బొచ్చంతా పోయిందట. పుండు లేదు, దద్దురు లేదు, తిండి మామూలుగానే తింటోంది. "ఎవరో కూర్చోబెట్టి గుండు కొట్టినట్టుందే" అంది. రాత్రిళ్ళు మంచం కింద చేరి నాక్కుంటూ, పళ్ళతో కుచ్చులు కుచ్చులుగా లాక్కుంటోందని తర్వాత కనిపెట్టారు.

ఇంట్లో తలా ఒక కారణం చెప్పారు. వాళ్ళత్తగారు దిష్టి అన్నారు. మందుల షాపు అబ్బాయి హార్మోన్ల తేడా అన్నాడు. హైదరాబాదులో చదువుతున్న మా తమ్ముడు మాత్రం, "నువ్వూ నాన్నా రోజూ అరుచుకుంటారు కదమ్మా, దానికి స్ట్రెస్" అని తేల్చేశాడు. పిన్ని నన్నడిగింది ఆ ఒక్కటే: "నా వల్లే అంటావా?"

పిల్లి సంగతి ఎలా ఉన్నా, ఆ ప్రశ్న నాకు గుచ్చుకుంది. ఇంట్లో ఏ ప్రాణికి ఏమైనా చివరికి అది ఇంటావిడ మెడకే చుట్టుకుంటుంది కదా. అందుకే ఈ విషయం మీద దొరికినవన్నీ చదివాను. చదువుతుంటే ఒకటి గమనించాను. పిన్ని ఇంట్లో ఒక్క పూటలో వచ్చిన జవాబులన్నీ వైద్య చరిత్రలో నూరేళ్ళకు పైగా ఒకదాని తర్వాత ఒకటి వచ్చినవే. పిల్లికి చెప్పిన మాటలూ, ఆడవాళ్ళకు చెప్పిన మాటలూ చాలా చోట్ల ఒకటే.

అసలు పిల్లి మన ఇంట్లోకి ఎందుకొచ్చిందో ముందు చెప్పుకోవాలి. కుక్కను మనిషి తెచ్చుకున్నాడు, పిల్లి తనంతట తానే వచ్చింది. పశ్చిమాసియాలో మనుషులు గింజలు పండించి దాచుకోవడం మొదలుపెట్టినప్పుడు, దాదాపు 10 వేల ఏళ్ళ కిందట, ఆ గింజల కోసం ఎలుకలొచ్చాయి, ఎలుకల కోసం అడవిపిల్లులొచ్చాయి. 2007లో శాస్త్రజ్ఞులు జన్యువులు పరీక్షించి, ప్రపంచంలోని ఇంటి పిల్లులన్నీ ఆ ప్రాంతపు అడవిపిల్లి సంతతేనని తేల్చారు. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ళ నాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లి ఎముకలు దొరికాయి. ఆ దీవిలో పిల్లులు సహజంగా లేవు. అంటే పడవెక్కించి తీసుకెళ్ళారన్నమాట.

మన ఖమ్మం వైపు కథ కూడా అదే. వడ్ల గాదె ఉన్న ఇంట్లో పిల్లి ఉంటుంది. దాన్ని కొన్నవాళ్ళు లేరు, అమ్మినవాళ్ళు లేరు. ఎవరింట్లోనో ఈనుతుంది, పిల్లల్ని నోట కరుచుకుని ఏడిళ్ళు తిప్పుతుంది, ఎనిమిదో ఇంట్లో ఉండిపోతుంది. కిన్నెరసాని అవతల అడవి అంచు ఊళ్ళలో అసలైన అడవిపిల్లి కూడా కోళ్ళ కోసం ఇళ్ళ దాకా వస్తుంది. ఒక చాటింపు లేదు, ఒక లెక్క లేదు. లెక్క లేదని ఊరికే అనడం లేదు. మన దేశంలో పశుగణన 1919లో మొదలైంది. 2019లో 20వది జరిగింది. ఆవులు, గేదెలు, గొర్రెలు, గాడిదలు, ఒంటెలు, ఏనుగులు, కుందేళ్ళు, చివరికి కుక్కలు కూడా అందులో ఉన్నాయి. పిల్లి లేదు.

సామెతల్లో మాత్రం కావలసినంత చోటిచ్చాం. కళ్ళు మూసుకుని పాలు తాగేది పిల్లి, గోడ మీద కూర్చుని ఎటు దూకాలో చూసేది పిల్లి, శాపాలు పెట్టినా ఉట్టి తెగనిది పిల్లి, తద్దినం నాడు గంప కింద మూసిపెట్టాల్సింది పిల్లి. ఎదురొస్తే అపశకునం, చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలి. తెలుగులో ఇన్ని సామెతలున్నాయి గానీ పిల్లికి ఒంట్లో బాగాలేకపోవడం గురించి ఒక్కటి కూడా నాకు గుర్తు రావడం లేదు. పిల్లికి జబ్బు చేస్తుందని మనకు తట్టనే లేదు. జబ్బు చేసిన పిల్లి ఎక్కడో మూలకు పోయి దాక్కుంటుంది, నాలుగు రోజులకు కనపడదు, "ఎటో పోయిందిలే" అనుకుంటాం.

పశువైద్యం కూడా అలాగే నడిచింది. తెల్లదొరల కాలంలో మన దేశంలో పశువైద్యం పుట్టిందే సైన్యం గుర్రాల కోసం, దున్నే ఎద్దుల కోసం. పశువులు ముసర రోగంతో మందలు మందలుగా చస్తుంటే 1889లో పుణెలో ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లేబొరేటరీ పెట్టారు. అదే తర్వాత ముక్తేశ్వర్ కొండల మీదికి మారి, ఇప్పుడు భారత పశువైద్య పరిశోధన సంస్థ అయింది. పిల్లికి అందులో చోటెక్కడిది? ఇప్పటికీ మన మండల కేంద్రాల్లో పశువుల ఆసుపత్రి ముందు గేదెను కట్టే ఇనుప చట్రం కనపడుతుంది. పిల్లిని సంచిలో పెట్టుకుని అక్కడికెళితే పక్కవాళ్ళు నవ్వుతారు.

చిత్రంగా అదే 1889లో పారిస్‌లో హాలోపో అనే చర్మ వైద్యుడు, తన వెంట్రుకలు తానే పీక్కుంటున్న ఒక యువకుడి గురించి రాశాడు. ఆ అలవాటుకు ట్రైకోటిల్లోమేనియా అని గ్రీకు మాటలతో పేరు కట్టాడు. వెంట్రుక, పీకడం, పిచ్చి, ఈ మూడూ కలిపితే ఆ పేరు. ఇందులో ఒక విశేషముంది. ఆయన వ్యాసానికి పెట్టిన శీర్షికలో మొదటి మాటలు "గోకడం వల్ల వచ్చే బట్టతల" అని. అంటే దురద సంగతి మొదట్లోనే ఉంది. నూరేళ్ళలో ఆ దురద ఎటో పోయింది, పేరు చివరనున్న పిచ్చి మాత్రం నిలబడింది. తర్వాత ఆ పేరుతో ఆసుపత్రులకు వచ్చిన పెద్దవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మొదటి రోగి మగవాడన్న మాట ఎవరికీ గుర్తు లేదు.

ఇక పిల్లి దగ్గరికి వద్దాం. ముందు దాని నాలుక గురించి చెప్పాలి. పిల్లి మన చేతిని నాకినప్పుడు గరుకు కాగితంతో రుద్దినట్టుంటుంది. దాని మీద వెనక్కి వంగిన సన్నటి ముళ్ళుంటాయి. 2018లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు వాటిని దగ్గరగా చూసి, ప్రతి ముల్లు కొసా బోలుగా, చిన్న గరిటెలా ఉంటుందని చెప్పారు. అది నోట్లోని ఉమ్మిని పట్టుకెళ్ళి బొచ్చు మొదట్లో, చర్మం దాకా చేరుస్తుంది. దువ్వెన, తడిగుడ్డ, ఫ్యాను మూడూ ఒకటే అన్నమాట, ఎండాకాలంలో ఒళ్ళు చల్లబడేది కూడా దానితోనే. మెలకువగా ఉన్న కాలంలో దాదాపు నాలుగో వంతు పిల్లి ఈ పనిలోనే ఉంటుంది. నేను రోజులో వంటింట్లో ఉండే వాటా కూడా ఇంచుమించు అంతే.

ఈ నాక్కోవడం శుభ్రం కోసమే కాదు, పురుగుల కోసం కూడా. ఫ్లీ అనే పురుగు ఉంటుంది. గోమారిలా పట్టుకుని వేలాడదు, పేనులా పాకదు, ఎగిరి దూకుతుంది. 2000లో కాలిఫోర్నియాలో ఒక ప్రయోగం చేశారు. ఈ పురుగులున్న ఇంట్లో కొన్ని పిల్లుల మెడకు గరాటు లాంటి పట్టీ వేసి నాక్కోకుండా చేశారు, కొన్నింటిని మామూలుగా వదిలేశారు. మూడు వారాలకు పట్టీ వేసిన వాటి ఒంటి మీద దాదాపు రెట్టింపు పురుగులున్నాయి. అంటే నాక్కునే పిల్లి సగం పురుగుల్ని తానే తినేస్తోంది.

ఇక్కడే మెలిక ఉంది. దురద ఎక్కువున్న పిల్లి ఎక్కువ నాక్కుంటుంది. ఎక్కువ నాక్కుంటే పురుగులన్నీ దాని కడుపులోకి పోతాయి. మనం వెతికితే ఒక్కటీ కనపడదు. "మా పిల్లికి పురుగుల్లేవండీ, శుభ్రంగా ఉంటుంది" అంటాం. ఉమ్మి పడని పిల్లికైతే ఒకటి రెండు కాట్లు చాలు. పురుగు ఉమ్మి ఒంటికి పడక వారాల తరబడి దురద పెడుతుంది. పైగా పిల్లి గుట్టుమనిషి. మన ముందు గోక్కోదు, మంచం కిందా అటక మీదా నాక్కుంటుంది. పొద్దున్నే చూస్తే పొట్ట నున్నగా ఉంటుంది, ఎప్పుడు పోయిందో తెలియదు.

ఆ గుట్టు వల్లే పాశ్చాత్య దేశాల వైద్యులు కూడా చాలాకాలం మోసపోయారు. అక్కడ కూడా పిల్లి ఇంట్లో ఎప్పుడూ ఉండేది కాదు. 1947లో ఎడ్వర్డ్ లోవ్ అనే ఆయన బంకమట్టి గుళికలను పిల్లి మలమూత్రాల కోసం అమ్మడం మొదలుపెట్టాకే, అమెరికా పిల్లి రాత్రీ పగలూ ఇంట్లోనే ఉండడం కుదిరింది. పిల్లుల జబ్బుల గురించే ఆలోచించే ఒక సంస్థ ఇంగ్లండులో 1958లో పుట్టింది. జోన్ జడ్ అనే ఆవిడ పెట్టారు. ఇలాంటి పని ఎక్కడో ఒక ఆడమనిషి తనింటి పిల్లి కోసం మొదలుపెట్టి ఉంటుందని నేను ముందే ఊహించాను.

అప్పట్లో రెండు పక్కలా సమానంగా బొచ్చు పోయిన పిల్లిని చూసి, గోకిన గుర్తులేమీ లేవు కాబట్టి బొచ్చు దానంతటదే రాలుతోందనుకున్నారు. దానికి హార్మోన్ల బట్టతల అని పేరు పెట్టారు. 1980ల దాకా వచ్చిన పుస్తకాల్లో అది ఉండేది. హార్మోన్ మందులిచ్చారు. కొన్ని పిల్లులకు బొచ్చు వచ్చింది కూడా. ఆ మందులకు దురదను అణిచే గుణం ఉండడంతో అలా జరిగింది. కొన్నింటికి మాత్రం మధుమేహం వచ్చింది, రొమ్ముల్లో గడ్డలు వచ్చాయి. చివరికి అసలు గుట్టు బయటపెట్టింది చాలా చిన్న పరీక్ష. నాలుగు వెంట్రుకలు తీసి సూక్ష్మదర్శిని కింద చూడడమే. దానంతటదే రాలే వెంట్రుక కొస సన్నగా, మొనదేలి ఉంటుంది. నాకి, కొరికి తెంపిన వెంట్రుక కొస చీపురు పుల్ల విరిగినట్టు ఉంటుంది. చూస్తే చాలా పిల్లులకు కొసలు విరిగే ఉన్నాయి. హార్మోన్లు కాదు, పిల్లే పీక్కుంటోంది.

మరి ఎందుకు పీక్కుంటోంది? చర్మం పైకి బాగానే ఉంది, పురుగులు కనపడడం లేదు. కాబట్టి మనసు బాగాలేదన్నారు. ఇంట్లోకి కొత్త పిల్లి వచ్చింది, పాపాయి పుట్టింది, యజమానురాలు ఉద్యోగానికి వెళ్తోంది. దీనికి మానసిక బట్టతల అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. బెంగ తగ్గించే మాత్రలిచ్చారు. మా తమ్ముడు చెప్పింది ఈ కాలపు మాటే.

2006లో కెనడాలో చర్మ వైద్యులు, జంతు ప్రవర్తన నిపుణులు కలిసి ఒక పని చేశారు. మానసికమని ముద్ర పడిన 21 పిల్లులను తీసుకుని, ఒక్కో దాన్నీ మొదటి నుంచి పూర్తిగా పరీక్షించారు. పురుగుల మందు, తిండి మార్పు, చర్మం ముక్క పరీక్ష, ఏదీ వదల్లేదు. తేలిందేమిటంటే 16 పిల్లులకు ఒంట్లోనే జబ్బుంది. 3 పిల్లులకు ఒంట్లోనూ ఉంది, మనసులోనూ ఉంది. ఉత్త మనసు వల్ల పీక్కుంటున్నవి 21లో 2. అన్నిటికంటే ఎక్కువగా కనపడింది తిండి పడకపోవడం, 12 పిల్లులకు. రోజూ ప్రేమగా పెట్టే గిన్నెలోనే ఉంది కారణం.

ఆ లెక్క చదివాక నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. 21లో 19 పిల్లులకు నిజంగానే ఏదో దురద, ఏదో నొప్పి ఉంది. చెప్పలేకపోయాయి. వాటికి నోరు లేదు సరే. నోరున్న మనకు ఏం జరిగింది? హిస్టీరియా అనే మాట గ్రీకులో గర్భసంచి అనే మాట నుంచి వచ్చింది. రెండు వేల ఏళ్ళకు పైగా ఆడదాని కడుపునొప్పి, తలనొప్పి, ఊపిరాడకపోవడం, ఏదైనా ఆ సంచిలో వేసేవాళ్ళు. అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితాలోంచి ఆ పేరు 1980లో గానీ పోలేదు. మన ఊళ్ళలో దానికి గాలి సోకిందనో, పూనకమనో, "పనిలేక"నో అన్నారు. మా అమ్మ తరం ఆడవాళ్ళలో థైరాయిడ్ పరీక్ష చేయించుకునే ముందు పదేళ్ళపాటు "దానికెప్పుడూ నీరసమే" అనిపించుకోనివాళ్ళు ఎంతమంది? దిష్టి, హార్మోన్లు, టెన్షన్. పిల్లి నడిచిన దారే.

ఈ పోలిక నా ఒక్కదాని ఊహ కాదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బఫింగ్టన్ అనే పశువైద్యుడు ఏళ్ళ తరబడి పిల్లుల మూత్రసంచి నొప్పి మీద పనిచేశారు. ఇన్ఫెక్షన్ ఉండదు, రాయి ఉండదు, కానీ నొప్పి ఉంటుంది. ఆ నొప్పి ఉన్న పిల్లి పొట్ట కింది భాగం నాకి నాకి నున్నగా చేసుకుంటుంది. ఇదే జబ్బు మనుషుల్లో ఎక్కువగా ఆడవాళ్ళకు వస్తుంది. వాళ్ళకూ పరీక్షల్లో ఏమీ దొరకక, చాలాకాలం మనోవ్యాధి అనే అన్నారు. ఆయన ఆ ఆడవాళ్ళ జబ్బును అర్థం చేసుకోవడానికి ఈ పిల్లుల్నే చూశారు. 2011లో ఆయన బృందం 32 పిల్లులను 77 వారాలు గమనించి ఒక సంగతి రాసింది. అన్నం పెట్టే వేళ మారినా, రోజూ చూసుకునే మనిషి మారినా, జబ్బు పిల్లులే కాదు ఆరోగ్యంగా ఉన్న పిల్లులు కూడా వాంతులు చేసుకున్నాయి, తిండి తగ్గించాయి. అంటే మనసు సంగతి అబద్ధమని కాదు. దిగులు నిజంగానే ఒంట్లో దిగుతుంది. కానీ "అంతా మనసే" అని తలుపు మూసేస్తే ఒంటిని ఎవరూ చూడరు. తెనాలి రామలింగడి పిల్లి కథలో కూడా రాజుగారు పిల్లి పాలను చూసి పారిపోతుంటే వింతగా చూశాడు గానీ, నాలుక కాలిన సంగతి విప్పి చెప్పేదాకా తెలియలేదు కదా.

పిన్నికి నేను చెప్పింది ఇదే. ముందు సన్నపళ్ళ పేల దువ్వెన తీసుకుని తోక మొదట్లో, నడుం మీద దువ్వమన్నాను. రాలిన నల్లటి నలుసుల్ని తడి దూది మీద వేయమన్నాను. మట్టయితే మట్టిలాగే ఉంటుంది. ఫ్లీ పురుగు విసర్జించినదైతే అందులో ఉండేది పిల్లి రక్తమే కాబట్టి దూది ఎర్రబడుతుంది. ఎర్రబడింది. తోక కింద ఎండిన బియ్యపు గింజల్లాంటివి కూడా కనపడ్డాయంది. పురుగుల్ని మింగిన పిల్లికి వాటి ద్వారానే కడుపులో బద్దెపురుగు వస్తుంది, ఆ ముక్కలే అవి. మా పిన్ని పెద్దగా ఊపిరి వదిలి, "అయితే మీ బాబాయ్ తో ధైర్యంగా పోట్లాడొచ్చన్నమాట" అంది.

అందరికీ ఇదే అవుతుందని చెప్పడం లేదు. పురుగుల మందు వేసినా తగ్గకపోతే తిండి చూడాలి. కొన్ని వారాలపాటు అంతకుముందు ఎన్నడూ తినని ఒకే రకం మాంసం మాత్రమే పెట్టి డాక్టరు పరీక్షిస్తారు. అందరూ తలా ఒక ముద్ద వేసే ఇంట్లో ఇది ఎంత కష్టమో నాకు తెలుసు. ఒకే చోట నాక్కుంటుంటే ఆ చోటు కింద నొప్పి ఉందేమో చూడాలి. పొట్ట కిందైతే మూత్రం, ముసలి పిల్లి మోకాలి మీదైతే కీళ్ళు. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని మూత్రం రాక అవస్థ పడుతుంటే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు, అది ప్రాణం మీదికొస్తుంది.

ఇంటి వైద్యం విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన ప్రాంతపు చరిత్రతో ముడిపడి ఉంది. భద్రాచలం డివిజన్ 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఆ ఏడాదే ఖమ్మంలో కలిసింది. అటు ఉన్నా ఇటు ఉన్నా ఏజెన్సీ అంటే మలేరియా. ఉద్యోగం భద్రాచలం బదిలీ అయిందంటే ఇంట్లో ఏడుపులుండేవని మా అమ్మమ్మ చెప్పేది. దోమ వల్ల మలేరియా వస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. అయినా స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏడాదికి ఏడున్నర కోట్ల మందికి ఆ జ్వరం వచ్చేదని, 8 లక్షల మంది పోయేవాళ్ళని అంచనా. 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం వచ్చాయి. పంపులు భుజాన వేసుకుని వచ్చి ఇంటి లోపలి గోడలన్నిటికీ డి.డి.టి. కొట్టి, తలుపు మీద తేదీ రాసి పోయేవాళ్ళు. దాని వల్ల ఎన్ని లక్షల ప్రాణాలు నిలిచాయో. దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

కానీ పిల్లి గోడకు ఒరుసుకుంటుంది. తర్వాత ఒళ్ళు నాక్కుంటుంది. డి.డి.టి.ని తట్టుకోవడంలో పిల్లి చాలా బలహీనం. బోర్నియో దీవిలోని సారవాక్ లో మలేరియా మందు కొట్టిన ఊళ్ళలో పిల్లులు చనిపోయి, ఎలుకలు పెరిగి పంటలు తినేస్తుంటే, 1960 మార్చిలో బ్రిటిష్ వైమానిక దళం విమానంలోంచి పారాచూట్లకు కట్టి పిల్లులను దించింది. 20కి పైగా పిల్లులట. ఆ కథ నోటా నోటా పాకి చివరికి 14 వేల పిల్లులైంది. సంఖ్య పోనివ్వండి, పిల్లి నాలుకే దాని ప్రాణం తీసిందన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతి. మన ఇళ్ళలో అదే డి.డి.టి. పొడి, గమాక్సిన్ పొడి చీమలకు చల్లేవాళ్ళు, కుక్కకూ పిల్లికీ కూడా రాసేవాళ్ళు.

పిల్లి కాలేయానికి మన కాలేయంలా కొన్ని మందులను విరిచి బయటికి పంపే శక్తి లేదు. మనకు జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. ఫినాయిల్ నీళ్ళతో కడగడం, కిరోసిన్ రాయడం, కర్పూరం నూనె పూయడం, ఏదైనా అంతే. ఒంటి మీద రాసింది గంటలో కడుపులోకి పోతుంది. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది కుక్కల పురుగుల మందును "కొంచెమే కదా" అని పిల్లికి వేయడం. కుక్కల మందుల్లో చాలావాటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. అది కుక్కకు ఏమీ చేయదు, పిల్లికి మూర్ఛ తెప్పించి చంపుతుంది. పిల్లికి వేరే మందులున్నాయి, పిల్లి అని చెప్పి, బరువు చెప్పి డాక్టరు దగ్గరే అడగండి.

ఇప్పుడు ఆ మిగిలిన 2 పిల్లుల సంగతి. ఒంట్లో ఏ జబ్బూ లేకుండా, నిజంగా దిగులుతో పీక్కునేవి. మన గోదారి ఒడ్డు వాళ్ళకు ఆ దిగులు ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

కుక్కకు మనిషి ముఖ్యం, పిల్లికి ఇల్లు ముఖ్యం అని మన పెద్దవాళ్ళంటారు. అందులో నిజముంది. పిల్లి తన బుగ్గను తలుపు మూలకూ, మంచం కోడుకూ, మన కాళ్ళకూ రాసేది ముద్దుకే కాదు, తన వాసన అంటించడానికి. ఆ వాసనే దానికి ఇల్లు. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక. 2022 జులైలో మళ్ళీ 71.3 అడుగులు వచ్చింది. జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలించారు. పిల్లల్ని ఎత్తుకుంటారు, గేదెల కట్లు విప్పి మెరక మీదికి తోలతారు, కోళ్ళను గంపలో పెడతారు. పిల్లి ఆ హడావుడికే కనపడకుండా పోతుంది. నీళ్ళు తీశాక వచ్చి చూస్తే గోడల మీద నడుమెత్తున ఒండ్రు. మనం ఆ ఒండ్రు కడిగి, బ్లీచింగ్ చల్లి, సున్నం వేస్తాం. ఇల్లు మళ్ళీ మనదవుతుంది. పిల్లికి మాత్రం తను రాసుకున్న గుర్తు ఒక్కటీ ఉండదు. దాని ముక్కుకు అది ఎవరిదో ఇల్లు. ఆ రోజుల్లో అది ఒళ్ళు పీక్కుంటే ఆశ్చర్యమేముంది? వరద నష్టానికి ప్రభుత్వం ఇచ్చే సాయంలో పాడి గేదెకింత, దుక్కిటెద్దుకింత, గొర్రెకింత, కోడికింత అని రేట్లుంటాయి. పిల్లికి అక్కడా లేదు.

2014లో పోలవరం కోసం మన జిల్లా మండలాలు ఆంధ్రప్రదేశ్ లో కలిశాయి. కుక్కునూరు, వేలేరుపాడు వైపు ముంపు ఊళ్ళవాళ్ళు సిమెంటు కాలనీలకు కదులుతున్నారు. ఆ కాలనీల్లో గాదెలు లేవు, అటకలు లేవు, వరసగా ఒకే తీరు గదులు. అక్కడికి పిల్లిని తీసుకెళ్ళేవాళ్ళకు ఒక చిన్న ఉపాయముంది. పాత ఇంట్లో అది పడుకున్న గోనెపట్టాను ఉతక్కుండా అలాగే మడిచి తీసుకెళ్ళండి. కొత్త ఇంట్లో ఒక్క గదిలో ఆ పట్టా పరిచి, రెండు మూడు వారాలు తలుపు వేసి, అక్కడే అన్నం, నీళ్ళు, ఇసుక తట్ట పెట్టండి. అన్నం పెట్టే వేళ మార్చకండి. తర్వాత తలుపు తీసి వదలండి. ముందే వదిలేస్తే అది పాత ఇంటికి బయల్దేరుతుంది. ఆ ఇల్లు అక్కడ ఉందో లేదో దానికి తెలియదు.